ఇసుక నుండి తెర దాకా: గోదావరి సీమలో చదువు నేర్పిన చిన్న పనిముట్లు

ద్రాక్షారామ భీమేశ్వరాలయములో అడుగు పెట్టినవారికి మొదట కనిపించేది శిల్పము. నిదానముగా చూచేవారికి తరువాత కనిపించేది అక్షరము. గోడలమీద, స్తంభములమీద వందల కొద్దీ శాసనములు ఉన్నవి. తూర్పు చాళుక్యుల కాలము మొదలుకొని శతాబ్దముల తరబడి దాతలు తమ దానములను ఇక్కడి రాళ్ళమీద చెక్కించినారు. దేవుని ముందు దీపము ఆరకుండ వెలుగుటకు నెయ్యి కావలెనని గొర్రెలను, ఆవులను ఇచ్చినవారి పేర్లు కూడ వాటిలో ఉన్నవి. శ్రీనాథుడు భీమేశ్వర పురాణము వ్రాసినది ఈ క్షేత్రమును గురించియే. ఇంత అక్షర సంపద గల ఊరి చుట్టూ పొలములు దున్నినవారిలో, ఆ రాళ్ళ ప్రక్కనుండి రోజూ నడిచి వెళ్ళినవారిలో, ఒక్క పంక్తి అయినా చదువగలిగినవారు ఎంతమంది ఉండి ఉంటారు? అక్షరము ఊరిలో ఉండడము వేరు, ఊరివారి చేతికి అందడము వేరు. ఈ రెంటి మధ్య దూరము తగ్గడమునకు గోదావరి సీమలో చాల కాలము పట్టినది.

మన పెద్దలు కట్టిన దేవాలయములు, ఆసుపత్రులు, బోర్డింగు పాఠశాలల చరిత్రను ఈ శతవార్షిక సంచికలో ఇతరులు వ్రాస్తారు. నేను వాటికంటె చాల చిన్న వస్తువుల గురించి వ్రాయదలచినాను: గుప్పెడు ఇసుక, తాటాకు, పలక, కీర్తనల పుస్తకము, లాంతరు, వాచకము, ఇప్పటి తెర. వీటి కథ చూచినకొద్దీ ఒక సంగతి తేటపడుతున్నది. పనిముట్టు ఎంత చౌక అయితే అంత దూరము పోయినది. అయినా, ప్రక్కన కూర్చొని నేర్పే మనిషి దొరికిన చోటనే అది చదువు నేర్పినది.

ఇసుక

వీధి బడిలో పిల్లవాని మొదటి పుస్తకము నేలయే. అరుగుమీద ఇసుక పరచి, పంతులుగారు వాని వ్రేలు పట్టుకొని అక్షరము దిద్దించేవారు. దిద్దుతూ ఆ అక్షరము పేరు గట్టిగా పలుకవలెను. కన్ను, చెవి, నోరు, వ్రేలు నాలుగూ ఒకేసారి పని చేసేవి. తప్పు పోతే అరచేతితో చదును చేసి మళ్ళీ మొదలుపెట్టవచ్చును. ఖర్చు లేదు, తప్పు చేసిన గుర్తు కూడ మిగలదు. కొంత నేర్చిన పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పేవారు గనుక ఒక్క పంతులుతో బడి నడిచేది.

ఈ ఇసుక బడి సముద్రము దాటి వెళ్ళిన సంగతి మనలో చాలమందికి తెలియదు. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమమునకు ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు దేశపు గురువు పర్యవేక్షకుడైనాడు. దారిలో ఒక నాటు బడి పిల్లలు వ్రేళ్ళతో ఇసుకలో వ్రాస్తూ ఉండగా ఆయన చూచినాడు. ఆ పద్ధతిని తన ఆశ్రమములో పెట్టబోతే అక్కడి ఉపాధ్యాయునికి అది రుచించలేదు. అప్పుడు జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేండ్ల విద్యార్థికే అక్షరముల తరగతిని అప్పగించినాడు. ఆ పిల్లవాడు నేర్పగలిగినాడు. బెల్ 1797లో లండనులో ఈ అనుభవమును పుస్తకముగా అచ్చువేసినాడు. 1811లో ఇంగ్లండు సంఘము పేద పిల్లల కొరకు నేషనల్ సొసైటీని స్థాపించినప్పుడు అనుసరించినది ఈ ‘మద్రాసు పద్ధతి’నే. మన అరుగులమీది ఇసుక అక్కడి పేద పిల్లలకు బల్లలమీద పరచిన ఇసుక అయినది.

మరి మన ఇంటి సంగతి? మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఆజ్ఞపై 1823లో రాజమహేంద్రవరము కలెక్టరు బడుల లెక్క పంపినాడు. ఏడు లక్షల పైచిలుకు జనాభా గల జిల్లాలో 291 బడులు, 2,658 మంది పిల్లలు. అనగా బడికి సగటున తొమ్మిదిమంది. ఆ మొత్తములో ఆడపిల్లలు 37 మంది. ఇసుక ఎవరి సొత్తూ కాదు, గోదావరి ఒడ్డున ఎంతైనా దొరుకుతుంది. కాని ఇసుక పరచిన అరుగుకు యజమాని ఉన్నాడు. ఆ అరుగు ఎక్కే అనుమతి పేట పిల్లవానికి లేదు, చాలవరకు ఆడపిల్లకూ లేదు. ఇంగ్లండు పేదవానికి అక్షరము నేర్పిన పద్ధతి, పుట్టిన దేశపు పేదవాని దగ్గరకు రావడమునకు ఇంకా చాల ఏండ్లు పట్టినది.

అదే 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ పంపిన నివేదికలో ఇంకొక మాట ఉన్నది. పిల్లలు పిల్లలకు నేర్పే పొదుపును ఆయన మెచ్చుకొన్నాడు. అయితే బడిలో వల్లెవేయించే పద్యముల భాష ఇంట్లో మాట్లాడే భాషకు బహు దూరమనీ, పిల్లలు అర్థము తెలియకుండానే అప్పజెబుతున్నారనీ విచారపడినాడు. ఈ విచారము తరువాత వంద సంవత్సరములు మనలను వెంటాడినది.

ఆకు, అచ్చు

ఇసుకలో చేయి తిరిగిన పిల్లవాడు తాటాకు పట్టేవాడు. డెల్టాలో తాటిచెట్టుకు కొదువ లేదు. గంటముతో గీసి, పసరు, మసి కలిపి రుద్దితే గీతలలో నలుపు నిలిచి అక్షరము తేలేది. ఆకు ఈనెవెంట చీలకుండా వ్రాయవలెనన్న జాగ్రత్తవల్లనే మన తెలుగు అక్షరము గుండ్రబడినదని పెద్దలు చెబుతారు. ఆకు చౌకయే గాని ప్రతి ప్రతినీ చేతితో వ్రాయవలసినదే. పదిమంది ఒకే పుట తెరచి ఒకే పంక్తి మీద వ్రేలు పెట్టడమనేది అచ్చుతోనే సాధ్యమైనది.

ఆ అచ్చు మన భాషలోనికి రావడములో సంఘమునకు పాత్ర ఉన్నది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరపున జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నము చేరినారు. ఆనందరాయరు సహాయముతో వారు తెలుగులోనికి తెచ్చిన సువార్తలలో మూడు 1812లో శ్రీరామపురములో అచ్చయినవి. ఆ ఏడాది మార్చిలోనే అక్కడి ముద్రణాలయము కాలిపోయి ఎన్నో భాషల అచ్చు అక్షరములు కరిగి ముద్దలైనవి. అయినా పని ఆగలేదు. 1818 నాటికి శ్రీరామపురమునుండి తెలుగు క్రొత్త నిబంధన వెలువడినది. అది చూచే భాగ్యము క్రాన్, డెస్ గ్రాంజెస్‌లకు కలుగలేదు. 1810 నాటికే ఇద్దరూ ప్రభువునందు నిద్రించినారు.

1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ ప్రాంతమునుండి విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు మన దేశము వచ్చినారు. తరువాత నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో గోదావరి డెల్టా మిషనుకు పునాది వేసినారు. పుస్తకము చేతిలో ఉన్నది, చదివేవారు లేరు. సంతలో కాగితము పంచవచ్చును, తీర్థములో సువార్త చదివి వినిపించవచ్చును. కాని విన్నవాడు ఇంటికి పోయి తానే తెరచి చూచుకొనవలెనంటే వానికి అక్షరము రావలెను. అందుచేత డెల్టాలో సువార్త వెనుకనే బడి నడిచినది.

పలక

1847లో ఆర్థర్ కాటన్ దొరగారి ఆధ్వర్యములో మొదలైన ధవళేశ్వరము ఆనకట్ట 1852కు పూర్తి అయినది. కరువు ప్రాంతము మాగాణి అయినది. కాలువలు నీటినే గాక పడవలను కూడ మోసినవి. ధాన్యము వెళ్ళిన పడవలమీదనే బోధకులు, పుస్తకముల పెట్టెలు తిరిగినవి. చేతిలో నాలుగు గింజలు ఆడగానే నరసాపురము ప్రాంతపు రైతులు చేసిన పని చరిత్రలో చెప్పుకోదగ్గది. 1850ల మధ్యలో అక్కడి సబ్ కలెక్టరు జి. ఎన్. టేలర్ ప్రోత్సాహముతో వారు తమంతట తాము శిస్తుతోపాటు కొంత చందా వేసుకొని బడులు నడుపుకొన్నారు. 1863లో మద్రాసు ప్రభుత్వము చేసిన విద్యా చట్టమునకు ఈ గోదావరి బడులే మాదిరి అయినవి. నరసాపురము టేలర్ హైస్కూలు పేరులో ఆ జ్ఞాపకము నిలిచి ఉన్నది.

ఈ కొత్త బడులతో పలక, బలపము, నల్లబల్ల వచ్చినవి. నల్లబల్ల ఒక్క అక్షరమును నలభైమందికి ఒకేసారి చూపించినది. అయినా అసలైన మార్పు పలకతో వచ్చినది. ఇసుక బడిలోనే ఉండిపోతుంది. పలక ఇంటికి వస్తుంది. పిల్లవాడు పొయ్యి దగ్గర కూర్చొని దిద్దుతుంటే తల్లి చూస్తుంది, చెల్లెలు చూస్తుంది. బడికి వెళ్ళని కన్నులకు కూడ అక్షరము కనబడినది ఆనాడే. తరువాతి కాలములో మార్కాపురము గనుల పలకలు ఆంధ్రదేశమంతటా వ్యాపించినవి. ఒక్క పలకమీద అన్నదమ్ములు ముగ్గురు వరుసగా చదువుకొని, అంచు చెక్క ఊడినా దాచుకొన్న ఇండ్లు మన సంఘములలో ఎన్నో ఉన్నవి.

ఈ పలక ఊరి అరుగు దాటి పేటకు చేరడము మిషనుల కాలములో విరివిగా జరిగినది. రాజమహేంద్రవరములో 1845 నుండి లూథరన్ సేవ మొదలైనది. 1874లో జాన్ మెక్లారిన్ కాకినాడ వచ్చి, అంతకుముందే థామస్ గాబ్రియేలు ప్రారంభించిన పనిని కెనడా బాప్టిస్టుల పక్షమున చేపట్టినాడు. 1882లో సామర్లకోటలో బోధకుల శిక్షణకు సెమినరీ ఏర్పడినది. ద్రాక్షారామమునకు కూతవేటులో ఉన్న రామచంద్రపురము కూడ ఆ మిషనుకు ఒక కేంద్రమయినది. పేటలో తాటాకు పాక ఒక్కటే. ఆరు దినములు అది బడి, ఏడవ దినము గుడి. ఉపదేశిగారే పంతులు.

పలక పట్టిన పేట పిల్లవానివల్ల ఏమి మారినదో తెలియాలంటే వేలిముద్రను తలచుకొనవలెను. అప్పు కాగితముమీద ఎంత వ్రాసినదీ తెలియక వేలు ఒత్తిన తండ్రికి, కొడుకు ఆ కాగితము తీసుకొని అంకె చదివి చెప్పినప్పుడు కలిగిన ధైర్యము ఏ ప్రసంగమువల్లనూ కలుగదు. పాలేరు లెక్క, ధాన్యపు కొలత, కోర్టు నోటీసు అన్నీ ఆ పలకమీది చదువుతో చూచుకొనవలసినవే. మిషను బడిని కొందరు భూస్వాములు ఇష్టపడకపోవడమునకు కారణము ఇక్కడ వెదకవచ్చును.

మెక్లారిన్ కాకినాడ చేరిన 1874లోనే కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరములో బాలికల పాఠశాల తెరచినారు. మార్గములు వేరు, పని ఒకటి. బడికి రాలేని గృహిణుల కొరకు బైబిలు స్త్రీలు ఇల్లిల్లూ తిరిగినారు. సంచిలో ఒక పలక, ఒక వాచకము, ఒక సువార్త. వారి పేర్లు చాలవరకు ఏ నివేదికలోనూ లేవు. మధ్యాహ్నము పనులు తీరిన తరువాత ఒక పెరటిలో ఇద్దరు స్త్రీలు ప్రక్కప్రక్కన కూర్చొని దిద్దుకొన్న అక్షరములే వారి స్మారక చిహ్నములు.

కీర్తన

మన సంఘములకు మాత్రమే ప్రత్యేకమైన చదువు పనిముట్టు ఒకటి ఉన్నది. దానిని మనము ఆ దృష్టితో ఎన్నడూ చూడలేదు. అది కీర్తనల పుస్తకము.

పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైన భక్తులు తెలుగు రాగతాళములతో కీర్తనలు రచించినందువల్ల చదువు రానివారు కూడ వాటిని వినికిడితో నేర్చుకొన్నారు. 1912లో దోర్నకల్‌కు బిషప్పుగా అభిషిక్తులైన వి. ఎస్. అజరయ్యగారు, మన దేశములో ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్పు, పల్లె సంఘములకు పాటలద్వారా, కథలద్వారా, కంఠస్థముద్వారా బోధించే పద్ధతిని వృద్ధి చేసినారు. ఉపాధ్యాయునితోపాటు అతని భార్యకు కూడ శిక్షణ ఇప్పించినారు.

నోటికి వచ్చిన పాట చదువుకు ఎట్లా మెట్టు అవుతుందో చూడండి. కొత్త పాఠము చదివేవానికి రెండు కష్టములు: అక్షరము గుర్తుపట్టవలెను, అర్థమును ఊహించవలెను. తెలిసిన కీర్తనలో రెండవ కష్టము లేదు. తరువాత రాబోయే మాట నాలుకమీద సిద్ధముగా ఉన్నది. పుటమీద వ్రేలు కదులుతూ ఉంటే, పాడిన మాట, చూచిన మాట ఒకటై కలుస్తవి. ‘ప్రభువు’ అనే మాట ఒక కీర్తనలో గుర్తుపట్టిన అమ్మ, దానినే ఇంకొక కీర్తనలో చూచి ఆగుతుంది. అక్కడ చదువు మొదలైనది.

ఇందులో ఒక మోసము కూడ ఉన్నది, అనుభవజ్ఞులు ఎరుగుదురు. పుస్తకము తలక్రిందులుగా పట్టుకొని కూడ పాట తప్పు లేకుండా పాడవచ్చును! అందుకే మంచి ఉపదేశులు పాట అయిన తరువాత పంక్తి మధ్య ఒక మాటమీద వ్రేలు పెట్టి, ఇదేమిటని అడిగేవారు. ప్రక్కన ఆ అడిగేవారు లేకపోతే కీర్తనల పుస్తకము నలభై ఏండ్లు చేతిలో ఉన్నా చదువు రాదు. మన సంఘములలో అటువంటి పెద్దలు ఇప్పటికీ ఉన్నారు.

దీపము

పగలు పొలములో ఉన్నవానికి రాత్రి తప్ప వేళ లేదు. అందుచేత పెద్దల చదువు చరిత్ర చాలవరకు లాంతరు చరిత్రయే. గాలికి ఆరని హరికేన్ లాంతరు చుట్టూ ఎనిమిది, పదిమంది కూర్చోవచ్చును. కిరసనాయిలు ఎవరు పోయవలెనన్నది రాత్రి బడి నిలిచేదా, మూతబడేదా అన్నది తేల్చిన ప్రశ్న. మిషనెరీలు తెచ్చిన మ్యాజిక్ లాంతరు ఊరంతటినీ రప్పించినది. గుడ్డమీద పడిన రంగుల బొమ్మలు చూచి జనము ఆశ్చర్యపడినారు. అది కథ చెప్పినది, అక్షరము చెప్పలేదు. గుంపును కూడగట్టే దీపము ఒకటి, ఒడిలోని పలకను చూపే దీపము మరొకటి.

అక్షరము నేర్పడములో అసలు చిక్కు మన లిపి విస్తృతి. ముప్పైఅయిదు హల్లులకు పన్నెండేసి గుణింతములు వేసుకొన్నా నాలుగు వందలకు పైగా రూపములు, ఆపైన ఒత్తులు. అవన్నీ వరుసగా వచ్చిన తరువాతనే మాట చదువవలెనంటే, పగలంతా నాట్లు వేసి వచ్చిన మనిషికి మొదటి మాట చేరేలోపల ఓపిక తీరిపోతుంది. ఈ చిక్కుకు విరుగుడు ప్రపంచములో ఇతరత్రా కూడ వెదకినారు. ఫిలిప్పీను దీవులలోని లనావోలో 1930 నుండి పనిచేసిన అమెరికా మిషనెరీ ఫ్రాంక్ లౌబాక్, అక్షరమును తెలిసిన వస్తువు బొమ్మతో జతచేసి పటములు తయారుచేసినాడు. నేర్చినవాడు వెంటనే ఇంకొకరికి నేర్పవలెనన్నది ఆయన నియమము. 1935లో ఆయన భారతదేశము వచ్చినప్పటినుండి ఆ మాట మన క్రైస్తవ సమాజములలో బాగా వ్యాపించినది. పిల్లలు పిల్లలకు నేర్పిన మన అరుగు బడి సూత్రము ఇది. ఇప్పుడు పెద్దలకు వర్తించినది.

తెలుగులో ఈ మార్గము ఎంత సులువో ఒక ఉదాహరణ చాలును. క, త, ప, ల, వ అనే అయిదు అక్షరములు మాత్రము నేర్పండి. కల, వల, తల, పలక, కలప, కలత అన్నీ చదువవచ్చును. మొదటి రాత్రే మాట చదివిన మనిషి రెండవ రాత్రి మానకుండా వస్తాడు. చదివే మాట తన మాట కావడము ముఖ్యము. ఇదే న్యాయముకొరకు గిడుగు రామమూర్తి పంతులుగారు ఇరువదవ శతాబ్ది మొదటి భాగములో వాడుక భాషకై పోరాడినారు. వాచకములోని భాష నోటి భాష కావలెనని ఆయన పట్టుబట్టకపోయి ఉంటే, ఎన్ని పలకలు పంచినా క్యాంబెల్ 1823లో పడిన విచారము తీరేది కాదు.

చదువు వచ్చిన తరువాత చదువుకొనడమునకు ఏమి ఉన్నదన్నది మరొక ప్రశ్న. పొరుగున కృష్ణా డెల్టాలో 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువమీద పడవ గ్రంథాలయమును నడిపి దీనికి చక్కని సమాధానము చెప్పినారు. రాజమహేంద్రవరములో పుట్టి కాకినాడలో పెరిగిన దుర్గాబాయమ్మగారు చిన్ననాడే స్త్రీలకు హిందీ బడి నడిపినారు. తరువాత వారి ఆంధ్ర మహిళా సభ హైదరాబాదులో అక్షరాస్యతా కేంద్రమును నెలకొల్పి వయోజనుల చదువుకు సేవ చేసినది.

వాచకము

వాచకములోని ఒక్క పాఠము ఎంత పని చేయగలదో తెలియడమునకు గోదావరి విడిచి నెల్లూరు జిల్లా వెళ్ళవలెను. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ ఏర్పడిన తరువాత, 1990–91లో ఆ జిల్లాలో ‘అక్షర దీపం’ పేర ఊరూరా రాత్రి బడులు జరిగినవి. వాచకములో సీతమ్మ కథ అనే పాఠము ఉన్నది. సారావల్ల నష్టపోయిన ఊరి స్త్రీలు ఏకమై అంగడి మూయించిన కథ అది. దూబగుంటలో స్త్రీలు ఆ పాఠము చదివి, ఆ కథ తమదేనని గుర్తించి, తమ ఊరి సారా అంగడిని మూయించినారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతటా తెలిసినది. ఉద్యమము జిల్లాలు దాటినది. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధము వచ్చినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. రెండేండ్లకే అది సడలిపోయినదన్నది వేరు సంగతి. కూలి డబ్బు సారా అంగడికి పోవడము తమ తలవ్రాత కాదనీ, మార్చదగిన సంగతి అనీ ఆ స్త్రీలు గ్రహించినది కొద్ది పుటల వాచకము చుట్టూ కూర్చొన్నప్పుడే. పాఠము చదివిన తరువాత మాట్లాడుకొనడమునకు అక్కడ పదిమంది ఉన్నారు.

తెర

1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరముపాటు ఉపగ్రహముద్వారా ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు అందినవి. గొప్ప ప్రయోగము. సంవత్సరము తీరగానే ఉపగ్రహమును మరొకవైపు మళ్ళించవలసి వచ్చినది. పలకకు ఆ బెడద లేదు.

తరువాత వచ్చినవారు తెరను కొంత తెలివిగా వాడినారు. టాటా కన్సల్టెన్సీ సంస్థకు చెందిన ఎఫ్. సి. కోహ్లీగారి ప్రోత్సాహముతో 2000లో మెదక్ జిల్లా బీరంగూడలో తెలుగు నేర్పే కంప్యూటరు పాఠములు ప్రారంభమయినవి. కార్యాలయములు పాతబడినవని తీసివేసిన కంప్యూటర్లే దానికి చాలినవి. అక్షరాస్యతా మిషన్ వాచకములోని మాటలే బొమ్మతో, గొంతుతో తెరమీదికి వచ్చినవి. సుమారు నలభై గంటలలో పత్రిక చదివే పాటి చదువు వస్తుందని రూపకర్తలు చెప్పినారు. అక్కడ కూడ తరగతిని కూర్చోబెట్టి నడిపించే మనిషిని ఉంచినారు.

అహమ్మదాబాదులో బ్రిజ్ కొఠారీ అనే విద్యావేత్త ఆలోచన ఇంకా సులువైనది. టెలివిజనులో సినిమా పాట వచ్చేటప్పుడు ఆ పాట మాటలను అదే భాషలో క్రింద వేసి, పాడుతున్న మాటకు రంగు మారేటట్లు చేసినారు. 1999లో గుజరాతీ పాటలతో మొదలైన ఈ పని తరువాత హిందీ పాటలకు వ్యాపించినది. నోటికి వచ్చిన పాట, కంటి ముందు అక్షరము. మన పల్లె సంఘములలో కీర్తనల పుస్తకముమీద వ్రేలు నడిపించిన ఉపదేశిగారి సూత్రమునకు, దీనికి భేదమేమైనా ఉన్నదా?

2020లో మహమ్మారివల్ల బడులు మూతబడినప్పుడు పాఠములు టెలివిజనుకు, ఫోనుకు చేరినవి. ప్రక్కన చదువు వచ్చిన తల్లియో, అక్కయో ఉన్న ఇంట్లో ఆ పాఠము కొంత అంటుకొన్నది. తల్లిదండ్రులు కూలికి పోయి, పిల్లవాడు ఒంటరిగా ఫోనుతో మిగిలిన ఇంట్లో అక్షరము జారిపోయినది. ఆ నష్టము ఇంకా పూడలేదని ఉపాధ్యాయులు చెబుతూనే ఉన్నారు.

మన ముందున్న పని

1961 జనాభా లెక్కలలో ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత నూటికి 21. 2011లో అప్పటి తూర్పు గోదావరి జిల్లాలో అది 71కి చేరినది. యాభై ఏండ్లలో ఇది చిన్న ప్రయాణము కాదు, దేవునికి స్తోత్రము. అయినా ఆ లెక్క ప్రకారమే ఏడేండ్లు దాటినవారిలో నూటికి 29 మంది మిగిలి ఉన్నారు. ఉమ్మడి రాష్ట్రము మొత్తముమీద 2011లో చదువ నేర్చిన స్త్రీలు నూటికి 59 మంది మాత్రమే. ఈ లెక్కలోనివారు పరాయివారు కారు. ప్రతి ఆదివారము మన ప్రక్క చాపమీద కూర్చొని, కీర్తన సంఖ్య చెప్పగానే పుస్తకమును ప్రక్కవారికి అందించి పుట తీసి ఇమ్మనే అమ్మలు వారిలో ఉన్నారు.

శతవార్షికోత్సవమునకు జ్ఞాపకార్థముగా భవనము కట్టడము మంచిదే. దానితోపాటు ఏ ఖర్చూ లేని మూడు పనులు మనవి చేస్తాను. ఇప్పుడు అనేక దేవాలయములలో కీర్తనలను గోడమీది తెరపై వేస్తున్నారు. పంక్తులు కిక్కిరియకుండా రెండేసి పంక్తులు మాత్రము పెద్ద అక్షరములతో వేసి, పాడుతున్న పంక్తికి రంగు మార్చండి. తెర దానంతట అదే పాఠము అవుతుంది. రెండవది, స్త్రీల సమాజము కూడిక తరువాత అరగంట చదువు రానివారికి, వచ్చినవారికి జత కట్టండి. ఒక పలక, ఒక కీర్తన, అడిగే ఒక వ్రేలు చాలును. యౌవనస్థుల ఫోనులు కూడ ఇక్కడ పనికి వస్తవి. అక్షరము పెద్దదిగా చూపవచ్చును, మాటను వినిపించవచ్చును. మూడవది, సంఘ పత్రికలో ఒక్క పుట అయినా వాడుక మాటలతో, పెద్ద అచ్చుతో వేయండి. నేర్చినవారికి చదువుకొనేది లేకపోతే నేర్చినది నిలువదు.

అపొస్తలుల కార్యములలో ఐతియొపీయుని చరిత్ర మనకు తెలిసినదే. ఆయన గొప్ప అధికారి, రథము ఉన్నది, గ్రంథపు చుట్ట చేతిలో ఉన్నది, చదువు కూడ వచ్చును. అయినా తాను చదివినది తెలియక కూర్చొన్నాడు. ఫిలిప్పు చేసినదల్లా రథము ఎక్కి ఆయన ప్రక్కన కూర్చొనడము. నూరేండ్లుగా మన పేటలలో, పెరళ్ళలో, లాంతరు వెలుగులో పేరులేని ఉపదేశులు, బైబిలు స్త్రీలు చేసినది ఆ పనియే. వచ్చే ఆదివారము మన ప్రక్కనున్న అమ్మకు పుట తీసి ఇచ్చినప్పుడు, పుస్తకము వెంటనే ఆమె చేతిలో పెట్టక, పంక్తి క్రింద వ్రేలు ఉంచి, మొదటి మాట ఆమెనే చదువనిద్దాము.